మన కట్టును దిద్దినవారు: అమ్రాబాదు సీమ సంగతులు

ఈ సంచికకొక చరిత్రవ్యాసము వ్రాయవలసినదని కార్యదర్శిగారు కోరినప్పుడు భావనఋషి కథనో, మన గోత్రముల వివరమునో వ్రాయుదమని మొదట తలచితిమి. కాని యవి యేటేట సంచికలలో వచ్చుచునే యున్నవి. మాకంటె బాగుగ నెఱిగినవారు వ్రాయుచున్నారు. వ్రాయక విడిచిన సంగతి యొకటి కలదు. లోకమునకు మానము కాపాడినది మన మగ్గమని ప్రతి సభయందును చెప్పుకొందుము. ఆ లోకము ఏ రంగు కట్టవలెను, ఏ అంచు కోరవలెను, తలకు పాగా చుట్టవలెనా టోపీ పెట్టవలెనా యను విషయమును నిర్ణయించినవారెవరు? అందు మన పాలెంత? ఆ పాలంతయు మెచ్చుకొనదగినదేనా? అమ్రాబాదు సీమను ఆధారముగా గొని, మాకు తెలిసినంతవఱకు వ్రాయుచున్నాము.

వేషభాషలని మనవారు రెంటిని జంటగా పలుకుదురు. ఆ జంట సరియైనదే. భాషను ఎవడును తానై పుట్టించుకొనడు. తల్లియొద్ద వినును, వాడకట్టులో వినును, బడిలో దిద్దించుకొనును. వేషమును అట్టిదే. అయినను మాట యొరులవలన వచ్చినదని యొప్పుకొనువారు సైతము బట్టయొద్దకు వచ్చునప్పటికి ‘ఇది నా యిష్టము’ అందురు. మా సంగతియే విన్నవించెదము. మా తండ్రిగారు మోకాలి క్రిందికి దిగని పంచె కట్టి తలకు రుమాలు చుట్టెడివారు. మా మేనమామగారు తాలూకా కచ్చేరిలో గుమాస్తా. ఆయన శేర్వానీ గుండీలు గొంతువఱకు పెట్టుకొనిగాని గడప దాటెడివారు కారు. మాకు బడి పంతులుగారు చొక్కాయి, లాగు నేర్పిరి. పెండ్లినాడు మామగారు పట్టంచు ధోవతి నేర్పిరి. ఉద్యోగము పంట్లాము నేర్పినది. ఇందులో మా యిష్టమేదో ఎనుబదియేండ్ల వయస్సున వెదకి చూచుకొన్నను కనబడుట లేదు.

అమ్రాబాదు నల్లమల కొండలమీది పీఠభూమి. ఉత్తరమున అచ్చంపేట మైదానము, దక్షిణమున కృష్ణానది, ఆవలి యొడ్డున శ్రీశైలము. నిజాము ప్రభుత్వకాలమున నిది మహబూబునగరు జిల్లాలో తాలూకాగా నుండెను. 2016 అక్టోబరునుండి నాగర్‌కర్నూలు జిల్లాలోని మండలము. పులుల అభయారణ్యమునకు సైతము ఇప్పుడీ యూరి పేరే పెట్టబడినది. అడవిలోని పెంటలలో చెంచువారు, తండాలలో లంబాడీలు, ఊళ్లలో రైతులు, గొల్ల కురుమలు, కచ్చేరి యున్నందున కొందఱు ఉద్యోగులు, ఇందఱును ఒక్క సంతలో కలిసికొనెడివారు. ఒక్క సంతలో నిన్ని వేషములు చూచుట మైదానమునందలి వారికి వింతగా నుండెడిది. కురుమలు నేసిన నల్ల గొంగడి వానకును చలికిని అందఱి భుజముల మీదను ఉండెడిది. ఆ యొక్క విషయమున జాతిభేదము లేదు.

చెంచువారు నేతపని యెఱుగరు. వారు కట్టినదంతయు కొండక్రిందినుండి వచ్చినదే. ఆస్ట్రియా దేశీయుడగు ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ పండితుడు యుద్ధకారణమున హైదరాబాదు రాజ్యము విడిచి పోవుటకు వీలులేక, 1940లో భార్యతో కూడ అమ్రాబాదు కొండలపై చెంచువారి నడుమ నివసించి, వారిని గూర్చి వ్రాసిన గ్రంథమును 1943లో ప్రకటించెను. పురుషులకు మొలత్రాటికి దోపిన గోచి, ముడివేసిన జుట్టు, చేత విల్లు. స్త్రీలకు మాత్రము మైదానపు తెలుగు స్త్రీలవలెనే చీరయు రవికయు. కొండజాతివారికి తమదైన స్త్రీవేష మొకటి యుండునని యూహించువారికి ఇది యాశాభంగము కలిగించును. చిత్రమేమనగా, ఆ 1943లోనే ‘చెంచులక్ష్మి’ యను చలనచిత్రము వెలువడెను. 1958లో అంజలీదేవిగారు నాయికగా అదే పేరుతో మఱొకటి వచ్చి మిగుల ప్రసిద్ధి పొందెను. అప్పటినుండి పట్టణములలో చెంచు వేషమనగానే జనుల కన్నులకు కట్టునది మదరాసు స్టూడియో దర్జీ కుట్టినదే గాని అమ్రాబాదు పెంటలలోనిది కాదు. పాఠశాలల వార్షికోత్సవములలో బాలికలకు నేటికిని ఆ వేషమే వేయుచున్నారు.

మఱి పెంటలకు చీర యెవరు చేర్చిరి? మనవారే. మా తాతగారు కల్వకుర్తి ప్రాంతపు మా గ్రామమున మగ్గముపై కూర్చున్న దినములకంటె మూట మోసిన దినములే యెక్కువ. ఇంటి రెండు మగ్గముల చీరలును, వాడకట్టులోని మఱి నాలుగిండ్ల చీరలును కట్టగట్టుకొని, కోతలైన పిమ్మట అచ్చంపేట మీదుగా మన్ననూరు కనుమ యెక్కి అమ్రాబాదు సంతకు పోయెడివారు. సంత ముగిసిన తరువాత పెంటలవెంట రెండు మూడు దినములు తిరిగెడివారు. 1955 ప్రాంతమున, మాకు పదియేండ్లున్నప్పుడు, ఆయన వెంట మేమును రెండు పర్యాయములు నడచితిమి.

మూటవాని పని బట్ట యమ్ముట మాత్రమే యనుకొనువారు ఆ పనిని చూడనివారు. ఏ యింట పెండ్లి కుదిరినదో, ఏ కోడలు నెల తప్పినదో, ఏ యింట చావు జరిగినదో తాతగారికి ముందే తెలిసియుండును. అరుగుమీద కూర్చుండి మంచినీళ్లు త్రాగునంతలో, ఏ చీర పైకి రావలెనో మడత సరిచేసికొనెడివారు. ‘గది నీకొద్దు బిడ్డా, నీ మేనికి గీ పసుపుదే నప్పుతది’ అని యాయన యన్నచో ఆ మాటకు ఎదురు చెప్పినవారిని మేము చూడలేదు. ఇంటి మగవాడు సొమ్మిచ్చును, ఆడుది కట్టును, ఎన్నినది మా తాత. ఒక్క వాడలో పది సంవత్సరములపాటు ఆడువారి రంగులన్నియు నీ విధముగ నొక ముసలివాని చేతిమీదుగ నడచినవి. ఆయనకొక లెక్కపుస్తకముండెడిది. అందు బాకీలతోపాటు ‘పెద్దకోడలు, చామనచాయ, గళ్లు వద్దన్నది’ వంటి మాటలు కూడ వ్రాసికొనెడివారు.

అచ్చంపేట బజారులో వర్తకులందఱును ఒక మాట యనుచుండిరి: ‘చెంచోళ్లకు నల్లంచు నీలిచీరంటేనే పానం’ అని. మేమును నమ్మితిమి, కన్నులార చూచినది గూడ నదియే. తాతగారు కాలము చేయుటకు ముందు అసలు సంగతి చెప్పిరి. అద్దకము సరిగ పట్టక మచ్చలుపడి ఊళ్లలో అమ్ముడుపోని చీరలను రెండవసారి ముదురు నీలిలో ముంచి కొండకు తీసికొనిపోయెడివారట. నీలిలో మచ్చ కనబడదు. ఏండ్లతరబడి అదియొక్కటే పోయినందున అదియే వారి యభిరుచి యని పేరుపడినది. ఒక జాతి యిష్టమని లోకులు చెప్పుకొన్నది మా యింటి మిగులుసరకు.

దానిని మార్చినది కూడ మేము కాదు. మేము వెళ్లిన రెండవ పర్యాయమున ఒక పెంటలో, తేనెకుండ ముందు పెట్టుకొని కూర్చున్న యొక స్త్రీ తాతగారి నడిగినది: ‘ఏం సావుకారీ, ఎన్నడొచ్చినా గీ నీలిదే తెస్తవు. మీ మగ్గానికి ఎర్ర నూలు ఎక్కదా?’ తాతగారు నవ్వి, ‘అడిగినోళ్లు లేరు గద చెల్లె’ అనిరి. ‘నువ్వు మూట ఇప్పినంక గద మేము అడిగేది, అండ్ల ఉన్నదే చూస్తిమి’ అని యామె. తాతగారు బదులు చెప్పలేదు. మరుసటి చైత్రమున పున్నమికి సలేశ్వరము జాతరకు పోవునప్పుడు పసుపంచు ఎఱ్ఱచీర యొకటి యింట నేయించి తీసికొనిపోయి యామెకిచ్చిరి. వానకాలము గడచి మరల పోవునప్పటికి ఆ పెంటలో ఎఱ్ఱచీర యడుగువారు ఆఱుగురట. బజారువారు ‘చెంచోళ్ల మోజు మారింది’ అనిరి. ఆమె పేరు తాతగారు అడుగలేదు. లెక్కపుస్తకములో ‘తేనె ఆమె’ అని మాత్రమున్నది.

ఇంకొక సంగతి వ్రాయుటకు చేయి వెనుదీయుచున్నది. ఊళ్లలో గజము కట్టెతో కొలుచు తాతగారు పెంటలలో మూరతో కొలిచెడివారు. మూర యనగా మోచేతినుండి నడిమివ్రేలి కొనవఱకు. తానునుండి చీర కోసి యిచ్చునప్పుడు ఆయన వ్రేళ్లు లోపలికి ముడుచుకొనెడివారు. ఆవలివారి తేనెకుండ మాత్రము అంచువఱకు నిండియుండవలెను. కొండమీది యాడువారు చీర పొట్టిగ కట్టుదురని బజారులో ననుచుండిరి. అడవిలో ముండ్లకును రాళ్లకును పొట్టి కట్టు అనుకూలమే. కాని యందు కొంత మా తాతగారి వ్రేళ్లవలనను కలిగినదని మేమెఱుగుదుము. యుద్ధకాలమున నూలు దొరకక మన యిండ్లలో పస్తులున్న దినములును ఉండెను, నూలిచ్చిన షావుకారు మనలను కొలిచిన కొలతయు సరియైనది కాదు. అయినను ఒకరు మనకు చేసినది మనము మఱొకరికి చేయుటకు హక్కు కాదు. తాతగారే చివరి దినములలో ఈ మాట చెప్పి కన్నీరు పెట్టుకొనిరి గనుక ఆయన యాత్మకు దీనివలన నొప్పి కలుగదని తలచుచున్నాము.

అదే సంతలో లంబాడీ స్త్రీలయొద్ద తాతగారి నేర్పు సాగెడిది కాదు. వారు కొనునది రంగు గుడ్డముక్కలు, దారము మాత్రమే. ఏ ముక్క కావలెనో వ్రేలితో చూపెడివారు. సలహా యిచ్చిన నవ్వెడివారు. కుచ్చుల పావడ, వీపున కట్టు రవిక, అద్దములు గవ్వలు కూర్చిన తలగుడ్డ, అన్నియు వారు చేతితో కుట్టుకొన్నవే. తల్లి కూతునకు నేర్పును. ఒక జత పూర్తియగుటకు నెలలు పట్టును. ఎడ్లమీద ధాన్యమును, ఉప్పును మోసికొని మొగలు సేనలవెంటను, నిజాము సేనలవెంటను దేశములు తిరిగిన జాతి యది. ఎన్ని నాడులు దాటినను ఏ నాటి కట్టునకును లోబడలేదు. ఇట్టి కట్టును ఇప్పుడు పడుచువారు విడిచి చీరయో, పంజాబీ దుస్తులో ధరించుచున్నారు. తీజు పండుగనాడు మాత్రము పాత జత బయటికి వచ్చును. ఎవరు మాన్పించిరని తండాలో నొక వృద్ధురాలినడిగితిమి. సర్కారు కాదు, సినిమా కాదు, ‘బడిల నవ్విన పోరగాండ్లు’ అని యామె చెప్పినది.

మేలిబట్టల మార్గము వేఱు. అది సంతలమీదుగ కాక కోటలమీదుగ నడచినది. పాలమూరు సీమలో గద్వాల, వనపర్తి, జటప్రోలు, ఆత్మకూరు మొదలగు సంస్థానములుండెడివి. 1949లో జాగీరులతోపాటు ఇవియు నంతరించువఱకు ఆ కోటల స్త్రీలు కట్టినది చుట్టుప్రక్కల దేశముఖులకును, కరణములకును ఆదర్శము. గద్వాల చీర సంగతి మనవారికి చెప్పనక్కఱలేదు గాని, పోషకులలో నితరులును గలరు గనుక వ్రాయుచున్నాము. చీర యొడలు నూలు. అంచులు, కొంగు పట్టు. నూలుపేకను పట్టుపేకను అంచుకడ ఒకదానితో నొకటి మెలివేసి నేయుటను కుప్పడమందురు. నడుమ నొక నాడె, రెండంచులకు రెండు నాడెలు. కావున మగ్గమునొద్ద తోడుగ మఱొకరు కూర్చుండవలెను. ఆ తోడు తఱచు భార్యయో, బిడ్డయో. ఎండదేశమున ఒంటికి నూలు చల్లన, పేరంటములో పట్టు గౌరవము. ఈ రెండు కోరికలను ఒక్క చీరలో కూర్చిన నేర్పు మనవారిది. కడపటి సంస్థానాధీశ్వరి మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మగారు ఈ నేతను పోషించిరని గద్వాలవారు నేటికిని కృతజ్ఞతతో తలచుదురు. రాణిగారి పేరు నిలిచినది, నిలువవలసినదే. ఆ నాడు రెండవ నాడె వేసిన యాడుబిడ్డ పేరు ఏ పుస్తకమునను లేదు.

రాజుల వంశావళులు ప్రక్కన పెట్టి జనులేమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి యని వెదకినవాడును గద్వాల సీమవాడే. 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ప్రకటించిరి. ఆయన స్వర్గస్థులైన పిమ్మట 1955లో తెలుగున తొలి సాహిత్య అకాడమీ బహుమతి ఆ గ్రంథమునకు వచ్చినది. మా వ్యాసము ఆ మార్గముననే తడబడుచు నడచుచున్నది.

ఇక కచ్చేరి వేషము. మా మేనమామగారి శేర్వానీయు, రూమీ టోపీయు హైదరాబాదునుండి వచ్చినవి. మన పాలమూరునకు 1890లో మహబూబునగరమని పేరు వచ్చుటకు కారణమైన ఆఱవ నిజాము మహబూబలీఖానుగారు దుస్తులయందు మిక్కుటమైన ప్రీతి గలవారు. పురానీ హవేలీలో వారి బట్టల బీరువాలు రెండంతస్తులుగ, ఒక పెద్ద సావడి పొడవున నేటికిని ఉన్నవి, చూడనివారు చూడవలెను. కుమారుడు ఉస్మానలీఖానుగారు సరిగా నెదురు. 1937లో అమెరికా పత్రిక ప్రపంచమున కెల్ల ధనవంతుడని ముఖపత్రముమీద వేసిన ప్రభువు చివికిన శేర్వానీ, మాసిన టోపీతో నుండెడివారు. తండ్రిని చూచి సర్దారులు సొగసు నేర్చిరి. కుమారుని చూచి పొదుపు నేర్చినవారు మాత్రము మాకు తెలిసినంతవఱకు తక్కువ. దర్బారునకు పోవువారు దస్తారు, బగ్లూసు ధరింపక తప్పదు. మతభేదము లేక ఉద్యోగులందఱును ఆ వేషముననే యుండిరి.

ఆ రూమీ టోపీ కథ మఱియు విచిత్రము. 1829లో తురుష్క సుల్తాను రెండవ మహమూదు తన యుద్యోగులకు పాగా మాన్పించి ఆ టోపీని విధించెను. 1925లో ముస్తఫా కెమాలు శాసనము చేసి దానినే నిషేధించెను. తురుష్కులు తీసిపారవైచిన టోపీ ఆ తరువాతను ఇరువదియేండ్లకు పైగా హైదరాబాదు గుమాస్తాల తలలమీద నిలిచియుండెను. ఇంతలో 1931లో నిజాము కుమారులిద్దఱును ఫ్రాన్సులోని నీస్ నగరమున తురుష్క రాజకుటుంబపు కన్యలను వివాహమాడిరి. అందు నీలోఫరు రాకుమారి మన చీర కట్టి యంతర్జాతీయ ఖ్యాతి పొందినది. మనవాడు తురుష్క టోపీతో నుండగా తురుష్క కన్య మన చీర కట్టినది. మా మేనమామగారికి ఈ సంగతి చెప్పిన నవ్వక, ‘కచ్చేరిలో చూచునది నా తలను గాని నా మనసును కాదురా’ అనిరి.

భయము నేర్పిన కట్టు నొకదానిని గూర్చియు వ్రాయవలెను. తెలంగాణపు దొరల గడీల యెదుట పనివాండ్రు చెప్పులతో నడువరాదు, రుమాలు తీయవలెను, పంచె మోకాలి పైనుండవలెను. ఇది యెచ్చటను వ్రాసియున్న శాసనము కాదు. తప్పినవానికి మాత్రము శిక్ష తెలియును. 1921 సెప్టెంబరులో మధురానగరమున గాంధీ మహాత్ముడు చొక్కాయిని, టోపీని విడిచి మోకాలి వస్త్రము ధరించుట లోకమెఱిగిన సంగతి. ఆయన యెన్నుకొని కట్టిన యా వస్త్రమును మా తండ్రిగారు ఎన్నుకొనకుండనే కట్టుచుండిరి. 1930లో జోగిపేటలో సురవరమువారి యధ్యక్షతన తొలి సభ జరుపుకొన్న ఆంధ్రమహాసభ వెట్టిచాకిరి మాన్పవలెనని పట్టుపట్టినది. తరువాతి పోరాటములు మీరెఱిగినవే. 1948 సెప్టెంబరున నిజాము పాలన ముగిసినది, మా యూరి గడీ పాడుపడినది. తండ్రిగారి పంచె మాత్రము క్రిందికి దిగలేదు. పెద్దవారమైన తరువాత మేమడిగితిమి. ‘దింపి సూసిన బిడ్డా. కాళ్లకు అడ్డం పడ్తది’ అనిరి.

అమ్రాబాదునకు ఉత్తరమునున్న నల్లగొండ సీమలో మన నేతవారికి దిద్దుబాటు సముద్రముల కావలినుండి వచ్చినది. చీరాలలోను, పుట్టపాకలోను నేసిన తేలియా రుమాలు పేరే దాని పనితనమును చెప్పును. ఆముదపు కాయల బూడిదనీటను, నూనెలోను నూలును నానవైచి, ముడులు కట్టి, ఎఱుపు నలుపులు అద్దుదురు. నూనెవాసన బట్టను విడువదు. ఈ చదరపు బట్టను అరబ్బు దేశములవారు తలకు చుట్టుకొనెడివారు. వారికేది నచ్చునో అది యిచ్చట పోగుపై కట్టబడెను. అట్లు అరేబియా యెడారిలోని యొక బేరగాడు, మన పుట్టపాక నెన్నడును చూడనివాడు, మన లెక్కలను దిద్దెను. తరువాత పోచంపల్లివారు ఆ విద్యను పట్టుచీరలకు ఎక్కించి 2005లో భౌగోళిక గుర్తింపు పొందిరి. తేలియా రుమాలునకు 2020లో వచ్చినది.

ఆ విద్యకు వెల యెవరు చెల్లించిరో చెప్పక తీరదు. ముడులు కట్టుటకు ముందు ఆసు పోయవలెను. మేకులచుట్టు పోగును చేతితో ముందుకు వెనుకకు ఒక్క చీరకు తొమ్మిదివేల పర్యాయములు త్రిప్పవలెను. ఇది యాడువారి పని. ఆలేరు దగ్గఱి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశముగారు ఆఱవ తరగతితో చదువు మానిన నేతబిడ్డ. దినమునకు రెండు చీరల యాసు పోసి భుజము నొప్పితో బాధపడు తల్లి లక్ష్మమ్మగారిని చూడలేక, ఏండ్లు శ్రమించి 1999లో ఆసుయంత్రము చేసి, దానికి తల్లి పేరే పెట్టిరి. 2017లో పద్మశ్రీ వచ్చినది. పెండ్లిలో పోచంపల్లి చీర కట్టి అద్దమునెదుట నిలిచిన యువతి యందమునకు ఆ తల్లి భుజమును, ఆ కొడుకు పట్టుదలయు కారణమని మేము చెప్పిన అతిశయోక్తి కాదు.

దర్జీని గూర్చి రెండు మాటలు. కుట్టుయంత్రము వచ్చినదాక రవిక ముడివేసికొనునదిగా నుండెను. మేరవారి యింట యంత్రము చేరిన పిమ్మట గుండీలు, బుట్టచేతులు వచ్చినవి. యంత్రములనెల్ల శంకించిన గాంధీగారు సైతము సింగరు యంత్రమును మినహాయించిరి. అమ్రాబాదున మా చిన్ననాట నొక్కడే దర్జీ. ఊరి రవికలన్నిటి మెడలు ఒకే తీరున నుండెడివి; వానికి వేఱు కత్తిరింపు రాదు.

గత సంవత్సరము మా మనుమరాలి వివాహమునకు గద్వాల చీర కొనవలెనని పట్టణములోని యొక పెద్ద దుకాణమునకు పోయితిమి. మూట విప్పు ముసలివాడు లేడు. అమ్మాయి తన చేతి ఫోనులో బొమ్మ చూపినది, దుకాణపు కుఱ్ఱవాడు అట్టిదే తెచ్చినాడు. మగ్గపు చీర యని బిల్లుమీద వ్రాసిరి. ఇంటికి తెచ్చి అంచు త్రిప్పి చూచితిమి. కుప్పడము లేదు, మరమగ్గముమీద నొక్కసారిగ నేసినది. నేతవాని యింట పుట్టి, ఎనుబదియేండ్లు వచ్చి, మేమే మోసపోతిమి. తిరిగి యిచ్చుటకు బయలుదేరగా మనుమరాలు ఆపినది. ‘తాతా, నాకు ఈ రంగే నచ్చింది. కానీ అసలుది ఎవరు నేస్తారో వాళ్ల దగ్గరికి నన్ను తీసుకుపో, ఇంకొకటి కొనుక్కుంటా’ అన్నది. మరుసటి వారము గద్వాలకు పోయితిమి. ఒక యింట మగ్గమునొద్ద భర్త నడిమి నాడె, భార్య అంచు నాడె వేయుచుండిరి. మనుమరాలు మొదట ఆ యమ్మ పేరడిగినది, తరువాతనే వెల యడిగినది. ఆ పేరును చీర మడతలో కాగితముమీద వ్రాసి పెట్టుకొన్నది.

కార్యదర్శిగారికి మా మనవి యొకటి. ప్రతి సంచికయందును దాతల పేర్లు వేయుచున్నాము. వచ్చు సంవత్సరపు సంచికలో నాలుగు పుటలు విడిచి, మన యిండ్లలో ఆసు పోసిన, అంచు నాడె వేసిన, మూట మోసిన పెద్దల పేర్లు, ఊళ్లతో సహా, బంధువులు పంపినవి పంపినట్లు అచ్చువేయవలెను. పాత లెక్కపుస్తకములున్నవారు కాగితపు వ్యాపారికి అమ్మక సంఘకార్యాలయమునకు చేర్పవలెను. మా తాతగారి పుస్తకమును మేమీ సభకు తెచ్చినాము. రెండవ దినము సాయంకాలము పుస్తకముల బల్లమీద నుంచెదము. మన్ననూరు, అమ్రాబాదు ప్రాంతపువారెవరైన వచ్చినయెడల అందలి యిండ్ల గుర్తులు పోల్చి చెప్పుటకు తోడ్పడవలెనని కోరుచున్నాము. ‘తేనె ఆమె’ యున్న పెంట పేరు సగము చెరిగిపోయినది.